గంజితో బిగించిన ఇంజిన్

విమానం కూలాలంటే ముందు కాసేపైనా ఎగరాలని మీరనుకుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నేలమీద నుంచి జానెడైనా లేవకుండా ఒక విమానాన్ని నాశనం చేసి, దాంతోపాటు ఒక పెద్దమనిషి పరువునీ, ఒక గంగాళం గంజినీ, నా పెళ్ళి ఆశనీ ఒక్క నిమిషంలో మట్టిపాలు చేసిన ఘనుణ్ణి సోలాపూర్ మొత్తానికి నేనొక్కణ్ణే. ఇందులో నాకు పోటీ వచ్చినవాడు ఇంతవరకూ లేడు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్త రోజులవి. నాకు ఇరవై ఏళ్ళు. తెలంగాణ నుంచి ఈ మరాఠీ ఊరికి వలసొచ్చిన మా సాలెవాడలో ఏ ఇంట్లో చూసినా గుంటమగ్గమే, ఏ గుమ్మంలో చూసినా బీడీలు చుట్టే ఆడవాళ్ళే. అలాంటి వాడలో మా మేనమామ లచ్చయ్య నాలుగు పవర్‌లూములు తెచ్చి షెడ్డు వేశాడు. వాటిని తిప్పడానికి ఒక ఆయిల్ ఇంజిన్ కూడా కొన్నాడు. అది కోడెదూడలా రోజూ మొరాయించేది. దాన్ని చూసుకునే మనిషి కోసం మామ వెతుకుతున్నాడు.

మామకు ఒక్కతే కూతురు, అనసూయ. నాకు ఆమె అంటే చెప్పలేనంత ఇష్టం. ఆమెకూ నేనంటే ఇష్టమేనని నా నమ్మకం. మామ మాత్రం మా అమ్మతో తెగేసి చెప్పాడు.

"చెల్లె, నీ కొడుకు మంచోడే, కాదన. కని నా షెడ్డు ఎవడు చూడాలె? ఇంజిన్ నడిపేటోనికే పిల్లనిస్త."

నేను పక్కనే ఉన్నాను. నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"నాకు ఇంజిన్ల పని మొత్తం వస్తది మామా!" అన్నాను.

అప్పటిదాకా నేను విప్పి చూసిన యంత్రం సైకిల్ బెల్లు ఒక్కటే. అది మళ్ళీ మోగలేదు.

మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "బఘూ బఘూ... చూద్దాం. ఏదన్న ఒక ఇంజిన్ బిగించి, నడిపిచ్చి చూపియ్యి. గప్పుడు మాట్లాడుదాం."

దేవుడు నా మాట విన్నాడో, నన్ను ఆటపట్టిద్దామనుకున్నాడో తెలియదు. మిల్లులో పనిచేసే ఒక దొర స్వదేశానికి వెళ్ళిపోతూ సామాను పంచిపెడితే, ఒక చెక్కపెట్టె నా చేతికొచ్చింది. అందులో గుప్పెట్లో పట్టేంత పెట్రోలు ఇంజిన్, దానికో కొయ్య పంకా, నాలుగు పొడవాటి మరలు, ఒక కాగితం ఉన్నాయి. పెట్టె మూతమీద బొమ్మ. ఒక దొర మైదానంలో నిలబడి చేతిలో రేడియో పెట్టె పట్టుకున్నాడు, ఆకాశంలో ఒక పెద్ద బొమ్మ విమానం ఆయన చెప్పినట్టు వింటోంది. ఆ రేడియో మాత్రం పెట్టెలో లేదు. రేడియో లేకపోతేనేం, ఎగిరితే చాలదా అనుకున్నాను. పిచ్చోడి చేతికి రాయి దొరికితేనే ప్రమాదమంటారు, నాకు ఏకంగా ఇంజిన్ దొరికింది.

వాడంతా చాటింపు వేశాను. రెక్క లేదు, చక్రం లేదు, విమానం పేరు పుష్పకం. పదిహేను రోజులు పనికి ఎగనామం పెట్టి వెదురుబద్దలు చీల్చి, వంచి, నాలుగు మూరల వెడల్పున రెక్కలు కట్టాను. వాటిమీద పల్చటి మల్లుగుడ్డ పరిచి గంజి పూశాను. ఎండలో ఆరేసరికి గుడ్డ డప్పుచర్మంలా బిగిసింది. వేలితో కొడితే మోగింది. గంజి మహిమ తెలియనివాడు సాలోడే కాదు. నేను ఆగాల్సింది సరిగ్గా అక్కడే.

ఆగలేదు. ఇంజిన్ బిగించే ఘట్టం వచ్చింది. కాగితంలో బొమ్మ స్పష్టంగా ఉంది. విమానం ముక్కు దగ్గర గట్టి చెక్కకు నాలుగు బెజ్జాలు వేయాలి, నాలుగు మరలు దించాలి, అంతే. నాకు నచ్చలేదు. మా ఇళ్ళలో మగ్గం ఏ మూల వదులైనా నూలుతాడు గంజిలో ముంచి చుట్టి వదిలేస్తాం. ఆరాక అది ఇనుప కట్టే. మా తాత బిగించిన కట్లు మా నాన్న మగ్గానికి ఇంకా ఉన్నాయి. అలాంటి వంశంలో పుట్టి చెక్కకు బెజ్జాలు వేయడమా?

ఆ పూట బీడీ ఆకుల కోసం మా ఇంటికి వచ్చిన అనసూయ, పక్కన పారేసిన మరలు చూసింది.

"బావా, గివేంటికి పక్కకు పెట్టినవ్?"

"గవి చెక్కపని చేసే వడ్లోల్లకు. మనం కట్టేటోల్లం, గుచ్చేటోల్లం కాదు."

"గంజి తడిస్తే మెత్తగైతది కద?"

"ఎందుకు తడుస్తది? వానకాలమా ఇది? విమానం ఎగురుతదే, ఈత కొట్టదు!"

నా చమత్కారానికి నేనే నవ్వుకున్నాను. ఆమె నవ్వలేదు. "నీ ఇష్టం. మా నాయిన ముంగట పరువు తీస్కోకు" అని ఆకుల మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆడపిల్లకు ఇంజిన్ల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అంత మాట అనుకున్న నన్ను ఇప్పుడు తలుచుకుంటే చెవులు మెలేయాలనిపిస్తుంది.

నూలు నాలుగు పేటలు కలిపి, చిక్కటి గంజిలో నానబెట్టి, ఇంజిన్‌ని ముక్కుకు ముప్పై చుట్లు చుట్టి రెండు రోజులు ఎండబెట్టాను. మగ్గంలో కూర్చున్న నాన్న దాన్ని ఒకసారి ఊపి చూశాడు. కదల్లేదు. "కట్టు మంచిగున్నది" అన్నాడు. మా నాన్న నోట మెప్పు ఏడాదికి ఒకసారి వస్తుంది. ఆ ఏటిది అలా ఖర్చయిపోయింది.

ఆ ఆదివారం పొద్దున వాడ చివర మైదానానికి జనం తరలివచ్చారు. నిలువు దారాల పడుగులు బారుగా సాగదీసి గంజి పెట్టేది అక్కడే. మా నాన్న పడుగు కోసం కాచిన గంజి గంగాళం ఒక పక్కన చల్లారుతోంది. మామ కొత్త ధోవతి కట్టి, తలకు జరీ రుమాలు చుట్టి వచ్చాడు. అనసూయ తన స్నేహితురాళ్ళ వెనక నిలబడి తొంగిచూస్తోంది. విమానం తోకకు తాడు కట్టి గుంజకు బిగించాను. ఇంజిన్ ఊపందుకున్నాక మామ చేతుల మీదుగా తాడు కోయించాలని నా పథకం.

మామ చుట్టూ తిరిగి చూశాడు. "చాంగ్లా హాయ్. మంచిగ చేసినవ్ అల్లుడా. మరి సాక పోసిండ్రా?"

కొత్త యంత్రం ఏదైనా సరే, పసుపునీళ్ళు సాక పోసి, కొబ్బరికాయ కొట్టనిదే తిప్పడం మావాళ్ళకు ఆనవాయితీ కాదు. మామ తన పవర్‌లూములకు ఒక్కోదానికీ చెంబెడు పోశాడు. మా అమ్మ చెంబుతో సిద్ధంగానే ఉంది. విమానం ముక్కు మీద భయభయంగా నాలుగు చుక్కలు చిలకరించింది.

మామ కళ్ళు నామీదే ఉన్నాయి. దైవభక్తి లేని అల్లుడు అనుకుంటాడేమోనని నాకు గుబులు పుట్టింది.

"గదేందవ్వా, పిసినారి లెక్క! నిండుగ పొయ్యి!" అన్నాను.

"చాలదా కొడుకా?"

"చెంబు మొత్తం పొయ్యవ్వా! మామ చూస్తుండు!"

అమ్మ చెంబెడూ పోసింది. మామ మొహం వికసించింది. ఆ మొహం చూసి నేను ఇంకా రెచ్చిపోయి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కూడా అక్కడే వదిలాను. ఆ తర్వాత హారతి, బొట్లు, పెద్దలకు దండాలు, మామ ఉపన్యాసం. అంతసేపూ ముప్పై చుట్ల నూలు హాయిగా నానింది. దూరాన అనసూయ తల పట్టుకోవడం చూశాను. దిష్టి తీస్తోందనుకున్నాను.

పంకా తిప్పాను. ఇంజిన్ దగ్గింది. మళ్ళీ తిప్పాను. పంకా నా వేళ్ళమీద కొట్టింది.

"ఇంజిన్‌ను నువ్వు నడిపిస్తున్నవా, నిన్ను ఇంజిన్ నడిపిస్తున్నదా?" అని మామ అడిగాడు. జనం గొల్లుమన్నారు.

మూడోసారి అది అందుకుంది. అబ్బ, ఏం చప్పుడు! పిల్లలు చెవులు మూసుకున్నారు, కుక్కలు వాడ వదిలాయి. విమానం గుంజ దగ్గర తాడు తెంపుకునేలా గింజుకుంటోంది. నా ఛాతీ ఉబ్బింది. "మామా! కొయ్యి తాడు!" అని అరిచాను.

మామ కత్తి ఎత్తాడు. అప్పుడే ముక్కు దగ్గర పచ్చగా, మెత్తగా ఏదో కారడం కనిపించింది. గంజి. మీరు సాలెవాళ్ళు కాకపోయినా ఈపాటికి ఊహించే ఉంటారు, ఊహించనివాణ్ణి నేనొక్కణ్ణే. తోకను తాడు వెనక్కి పట్టుకుంది, ఇంజిన్ ముందుకు లాగింది, మధ్యలో నా వంశప్రతిష్ఠ జారిపోయింది. ఇంజిన్ ఒక్క ఉదుటున కట్టులోంచి బయటపడి, విమానాన్ని అక్కడే వదిలేసి తన దారిన తాను లేచింది.

ఇంజిన్‌కు నిప్పురవ్వ అందించే తీగలు తెగాయి, ఇంజిన్ చచ్చింది. పంకా ఊపు మాత్రం చావలేదు. అది నేలమీద రెండు గంతులు వేసి, మూడో గంతుకి మామ పక్కనున్న గంజి గంగాళంలో దూకింది. అందులోనూ ఊరుకోలేదు. కవ్వంలా నాలుగు చుట్లు చిలికి మరీ ఆగింది.

పొగ చెదిరాక చూస్తే మామ కనిపించలేదు. మామ ఆకారంలో ఒక గంజి విగ్రహం నిలబడి ఉంది. జరీ రుమాలు, మీసాలు, కొత్త ధోవతి అన్నీ తెల్లగా ఉన్నాయి. కళ్ళు రెండూ మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"మామా..." అన్నాను. అనసూయ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. ఆమె ఇక నాది కాదనిపించింది. ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళవాణ్ణి, అంతమంది ముందు నిజంగానే ఏడ్చాను.

అమ్మ పరుగున చాప పరిచింది. "కూసో అన్నా, కూసో."

"ఎట్ల కూసుందునే! ధోతి వంగుతలేదు!" అని మామ గర్జించాడు. సోలాపూర్ ఎండకు గంజి అంతలోనే ఆరిపోతోంది. పాపం, ఆయన నిలబడే తీర్పు చెప్పాల్సి వచ్చింది.

ముందు విమానం ముక్కు దగ్గరికి కర్రలా నడిచి వెళ్ళి, ఊడిపోయిన నూలుకట్టు తీసి పరీక్షగా చూశాడు. చుట్లు సడలాయి గాని, ముడి చెక్కుచెదరలేదు.

"ముడి మంచిగనే ఏసినవ్," అన్నాడు. "చేతుల నేర్పు ఉన్నది. తలకాయల అకల్ లేదు. అరేయ్, గంజి కట్టు మీద చెంబెడు నీల్లు పోయించుకున్నోడివి, నా ఇంజిన్ మీద ఏం పోస్తవో!"

అప్పుడు అనసూయ ముందుకొచ్చింది. నలుగురిలో తండ్రి ముందు నోరెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"నాయినా, మన ఇంజిన్ మొన్న ఆగిపోతే నేనే తుడిచి నడిపిచ్చిన. నీకు చెప్పలే. దాన్ని నేను చూస్కుంట. బావ మగ్గం చూస్కుంటడు."

మామ మీసాల మీద ఎండిన గంజి నవ్వుకో, కోపానికో పటపటా పగిలింది.

"సరే," అన్నాడు మామ, నావైపు తిరిగి. "పిల్లనిస్త. కని ఒక షరతు. మార్కండేయుని గుడిల దీపం ముట్టి ఒట్టెయ్యాలె, తిరిగేది ఏదీ ముట్టనని!"

ఆ సాయంత్రమే వేశాను. దీపం సాక్షిగా, కులదైవం సాక్షిగా, గంజి వాసన ఇంకా వదలని మామ సాక్షిగా ఒట్టు వేశాను. ఈ జన్మలో తిరిగే యంత్రాన్ని దేన్నీ బిగించను, విప్పను, సలహా ఇవ్వను, దగ్గరికెళ్ళి తల ఊపను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మాట తప్పలేదు. మా ఇంట్లో గడియారానికి కీ ఇచ్చేది అనసూయే. నేను టైము అడిగి తెలుసుకుంటాను.