కరిచే పిల్ల

ఆ పిల్లను మా సెంటరుకి తీసుకొచ్చిన రోజు వెంట నలుగురు పెద్దవాళ్ళు వచ్చారు. వాళ్ళ పెదనాయన, నాయన, అత్త, బడి హెడ్మేష్ట్రు. నలుగురూ కూడబలుక్కుని ఒకే అబద్ధం పట్టుకొచ్చారు. అది నాకు తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది.

చిక్కబళ్ళాపురంలో మాది మనసుకు సంబంధించిన ఇబ్బందులున్న పిల్లలు పొద్దున వచ్చి, సాయంత్రం దాకా ఉండి, ఇంటికి పోయే చోటు. మందుల సంగతి డాక్టరు చూస్తాడు. నేను సోషల్ వర్కర్ని. పిల్లలతో కూర్చోవడం, ఇంటివాళ్ళతో మాట్లాడటం, బడివాళ్ళతో పోట్లాడటం నా పని. మా సొంత ఊరు బాగేపల్లిలో మాత్రం నన్ను ఇప్పటికీ "పిచ్చిపిల్లల టీచరు" అనే పిలుస్తారు. ఆ మాట అనేవాళ్ళలో సగంమంది తమ పిల్లలను చీకటి పడ్డాక మా ఇంటికి తెచ్చి చూపించుకుంటారు.

ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. బట్లహళ్ళి దగ్గర పల్లె, టమాటా పండించే కుటుంబం. బడిలో తోటి పిల్లలను కరుస్తోంది. ఒకసారి టీచరును కూడా కరిచింది. మాట్లాడటం మానేసింది.

"ఈ పాపకి పిచ్చి అని మీరొక మాట చెప్పేస్తే చాలు మేడమ్, మేము బడినుంచి తీసేస్తాం" అన్నాడు హెడ్మేష్ట్రు. పిల్లలకు చదువు చెబుతూ తల నెరిసిన మనిషి. ఎందుకు కరుస్తున్నావని ఆమెను ఎప్పుడైనా అడిగారా అన్నాను. "కరిచే పిల్ల దగ్గరికి పోయి ఎట్లా అడిగేది?" అన్నాడు. ఆ జవాబు ఆయనకే బాగా నచ్చినట్టుంది, చుట్టూ చూసి నవ్వాడు.

పెదనాయన తెల్లబట్టల మనిషి. పంచాయతీలో పలుకుబడి ఉన్నవాడు కాబట్టి అందరి తరపునా తనే మాట్లాడతాడు. "వాళ్ళమ్మ బెంగుళూరులో ఆస్పత్రిలో ఉండాది. దాని మీద బెంగ పెట్టుకుండాది. ఏదన్నా మందు ఇచ్చేయండి, సరిపోతాది" అన్నాడు. అత్త కళ్ళు తుడుచుకుంది. నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మరుసటి రోజునుంచి పిల్లను వాళ్ళ అవ్వ చింతామణి మీదుగా బస్సులో తీసుకొచ్చేది. మా దగ్గర ఒక గాజు అల్మారా నిండా మంచి బొమ్మలు ఉన్నాయి. సెంటరు నడిపే ట్రస్టు పెద్దమనిషి దానికి తాళం వేసి పెట్టాడు, పిల్లలు పాడుచేస్తారని. పిల్లల కోసం కొన్న బొమ్మలను పిల్లలనుంచి కాపాడటం ఆయన సమాజ సేవ. అందుకని మిగతా పిల్లలు బంకమట్టితో ఆడేవాళ్ళు. ఈ పిల్ల దాన్నీ ముట్టుకోకుండా, వరండాలో అనపకాయలు ఒలుచుకుంటున్న అవ్వ పక్కన కూర్చునేది.

ఒక మధ్యాహ్నం అవ్వ ఫోను మోగింది. అవ్వ గాభరాగా తీసి, "ఇదో, మీయమ్మ మాట్లాడతాదంట" అని పిల్ల చెవి దగ్గర పెట్టింది. పిల్ల ఒక్క క్షణం విన్నది. తరవాత ఫోను పట్టుకున్న అవ్వ మణికట్టు పట్టి కరిచింది. నెత్తురొచ్చింది.

నేను అవ్వను లోపలికి తీసుకుపోయి కట్టు కట్టాను. "ఫోనులో ఎవరమ్మా?" అన్నాను. ముసలామె ఇంక దాచడం చేతకాక భోరుమంది.

"దానమ్మ యాడుండాదమ్మా! జొరమొచ్చి బెంగుళూరు తీసుకపోతే మూడోనాటికే పాయె. ఈ పిల్లను అప్పుడు బాగేపల్లిలో చుట్టాలింటికి పంపించేసినాం. తిరిగొచ్చినాక ఎవురికీ చెప్పే ధైర్యం రాలే. పరీక్షలు కానీ అన్నాడు పెద్దోడు. పరీక్షలైనాక ఉగాది పోనీ అన్నాడు. ఫోనులో మాట్లాడేది నా కూతురమ్మా, చింతామణినుంచి. దానమ్మ మాదిరి గొంతు పెట్టి మాట్లాడతాది."

ఊరంతా ఈ నాటకంలో ఉంది. హెడ్మేష్ట్రుకు తెలుసు. అంగడాయనకు తెలుసు. చనిపోయిన మనిషి ఫొటోను లోపలి గదిలో పెట్టి తాళం వేశారు. ఇంతమంది పెద్దవాళ్ళు, ఇంత తెలివి, ఒక తొమ్మిదేళ్ళ పిల్లను మోసం చేయడానికి.

ఆ సాయంత్రం బస్సు వేళకు ముందు నేను పిల్ల పక్కన కింద కూర్చున్నాను. ఇంటివాళ్ళు చెప్పాల్సిన మాట నేను చెప్పడానికి లేదు. అబద్ధం చెప్పకుండా ఉండటం మాత్రం నా చేతిలో ఉంది.

"ఫోనులో మాట్లాడేది ఎవరనుకుంటాండావు?" అన్నాను.

అనప తొక్కలు కాలితో కదుపుతూ, "అత్త" అంది. ఆ గొంతు వినడం నాకు అదే మొదలు.

"ఎట్లా తెలుసు?"

"మాయమ్మ నన్ను బంగారూ అనదు. ఏమే అంటాది."

"మరి ఇంట్లో చెప్పలేదా?"

"చెప్తే అందురూ ఏడుస్తారు."

తరవాత నెమ్మదిగా మిగతాదీ బయటికొచ్చింది. బడిలో పిల్లలకు విషయం తెలుసు. ఆమె చుట్టూ చేరి "మీయమ్మ వచ్చిందా? ఎప్పుడొస్తాది?" అని అడిగి నవ్వేవాళ్ళు. టీచరు జాలిగా తల నిమిరి, "మీయమ్మ వచ్చేస్తాదిలే" అంది. కరిచింది వాళ్ళనే. నిజం దాచిన ఇంటివాళ్ళను ఆ పిల్ల ఏడిపించదలుచుకోలేదు, మరి ఆ కోపమంతా ఏం చేసుకోవాలి? ఈ సంగతి మీ నాయనతో చెప్పనా అని అడిగాను. తల ఊపింది.

డాక్టరు అంతా విని, "మందు రాయాల్సింది ఆ ఇంటి పెద్దలకి" అన్నాడు.

ఆ ఆదివారం నేను వాళ్ళ ఊరికి పోయాను. వసారాలో కుర్చీలు వేసి కాఫీ ఇచ్చారు. నేను వచ్చిన పని చెప్పగానే పెదనాయన గొంతు సవరించుకున్నాడు. పసిగుండె అన్నాడు, తట్టుకోలేదన్నాడు, కాలమే అన్నీ మాన్పుతాదన్నాడు. సభలో మాట్లాడినట్టే మాట్లాడాడు. "మీకు చదువుండాది మేడమ్, మాకు అనుభవముండాది" అని ముగించాడు.

అత్త అందుకుంది. "దినమ్మూ ఆ పిల్లకోసరం గొంతు మార్చి మాట్లాడి మాట్లాడి నాకే నిద్ర పట్టడంలే. నేనేమన్నా నా సుఖానికి చేసినానా?"

"ఆమెకు మొదటినుంచీ తెలుసమ్మా" అన్నాను. "మీరు బంగారూ అంటారంట. వాళ్ళమ్మ ఏమే అని పిలిచేదంట. మీరంతా ఏడుస్తారని చెప్పకుండా ఉండాది."

అప్పుడు అంతవరకూ నోరు విప్పని నాయన లేచి, కొట్టంలోకి నడిచాడు. పిల్ల అక్కడ దూడకు గడ్డి వేస్తోంది. నేను వాకిట్లో ఆగిపోయాను.

"మీయమ్మ..." అని ఆగాడు. "మీయమ్మ ఇంక రాదమ్మా. చచ్చిపోయింది."

"తెలుసు" అంది పిల్ల, గడ్డి వేయడం ఆపకుండా. ఇంకో పిడికెడు వేసి, "ఏ చీర కట్టినారు?" అంది.

"పచ్చది. మీ అమ్మమ్మ తెచ్చినది."

"నీళ్ళు ఎవురు పోసినారు?"

"అవ్వ."

"నన్నెందుకు పిలవలే?"

ఆయన పేడలోనే కూలబడి ఏడ్చాడు. పిల్ల ఏడవలేదు. దగ్గరికి పోయి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ ఇంట్లో ఆ రోజు పెద్దమనిషిలా నడుచుకున్నది ఆమె ఒక్కతే.

ఆమె ఏడ్చింది కొన్నాళ్ళ తరవాత, మా సెంటరులో, మధ్యాహ్నం అన్నం దగ్గర సాంబారు ఒలికిపోయిందని. సాయంత్రం దాకా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనకుండా నేను తలుపు దగ్గర కాపలా కూర్చున్నాను. మా సెంటరులో నేను చేసిన వైద్యాలన్నిటిలో అంతకంటే పనికొచ్చింది గుర్తులేదు.

అత్త ఒకరోజు ఒంటరిగా వచ్చింది. "ఫోను చేసేది మానేయల్లా మేడమ్?" అంది తల దించుకుని. మానొద్దు, మీరు మీరుగానే చెయ్యండి అన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగితే అటునుంచి, "నేను మీ అత్తని" అని వినిపించింది. "తెలుసు, చెప్పు" అంది పిల్ల. ఆ ఇంటి పెద్దల్లో తప్పు ఒప్పుకున్నది ఆమె ఒక్కతే, అందుకని ఆమె మీద నాకు కోపం మిగల్లేదు.

ఫొటో బయటికొచ్చి గోడకెక్కింది. పిల్ల కరవడం తగ్గి, ఆగిపోయింది. ఒక్కసారి మాత్రం, ట్రస్టు పెద్దమనిషి కెమెరా ముందు నిలబడి ఆమె బుగ్గ గిల్లితే, ఆయన వేలు కరిచింది. దాన్ని నేను రోగం కింద లెక్కపెట్టలేదు. డాక్టరూ పెట్టలేదు.

ఆమె మళ్ళీ బడికి పోయింది. వార్షికోత్సవంలో హెడ్మేష్ట్రు మైకులో, తమ బడి క్రమశిక్షణ వల్ల ఎట్లాంటి పిల్లలైనా దారికొస్తారని చెప్పాడంట. ఇక పెదనాయన. మొన్న మంచేనహళ్ళిలో ఒక పెళ్ళిలో నా వెనక బంతిలో కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్ళకు వివరిస్తున్నాడు: "పిల్లోళ్ళ దగ్గర నిజం దాచకూడదప్పా. మా ఇంట్లో అందురూ వద్దన్నా నేనే పట్టుబట్టి చెప్పించినాను." విన్నవాళ్ళు భలే అన్నట్టు తలలూపారు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ నమస్కారం పెట్టి, "మేడమ్‌ని అడగండి కావాలంటే" అన్నాడు.