జమ్మలమడుగు గ్రౌండులో మొదటి సెంచరీ

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. ప్రొద్దుటూరులో మా బట్టల షాపు మేడ మీది గోడౌనులో ఎవరో తిరుగుతున్నారని పనివాళ్లు భయపడితే, మధ్యాహ్నాలు అక్కడే చాప వేసుకుని పడుకునేవాణ్ని. ఎలుకలు తప్ప ఎవరూ పలకరించలేదు. ఇప్పటికీ నా అభిప్రాయం పెద్దగా మారలేదు. కానీ ఆ ఆదివారం జమ్మలమడుగులో జరిగినదాన్ని మాత్రం ఎలా కొట్టిపారేయాలో తెలియడం లేదు.

షాపు కాక నాకున్న పిచ్చి క్రికెట్ కామెంట్రీ. చుట్టుపక్కల ఏ టోర్నమెంటు జరిగినా మైకు నా చేతిలోనే ఉంటుంది. జమ్మలమడుగులో పాత గ్రౌండుకు నాపరాళ్లతో కొత్త గ్యాలరీ కట్టి, ప్రారంభానికి ప్రొద్దుటూరు, పులివెందుల జట్లకు మ్యాచ్ పెట్టారు. లంచ్ విరామంలో ఆ గ్రౌండు చరిత్ర, రికార్డులు జనానికి చెప్పే పని నాకు అప్పగించారు.

పెద్ద స్కోరు ఏ జట్టుది, హ్యాట్రిక్ తీసిన పులివెందుల బౌలరు ఎవరు, ఎవరి సిక్సరు గోడ దాటి హోటల్లో దోసె పెనం మీద పడింది, అన్నీ అడిగి తెలుసుకున్నాను. ఒక్కటే దొరకలేదు. అక్కడ మొట్టమొదటి సెంచరీ ఎవరిది? అడిగితే తలా ఒక పేరు చెప్పారు. తప్పు పేరు చెప్పి నవ్వులపాలయ్యేకంటే, ఆ సంగతి ఎత్తకుండా దాటేద్దామనుకున్నాను.

సరిగ్గా లంచ్‌కు కరెంటు పోయింది. జనరేటరు నాలుగు దగ్గులు దగ్గి ఊరుకుంది. మైక్ సెట్ మస్తాన్ వైర్లు పీకి చుట్టి పెట్టేశాడు.

"ఇంగ కరెంటు వచ్చేదాకా ఏం జేయలేం సార్. పదండి, సంగటి సల్లారిపోతాది" అన్నాడు.

ఇద్దరం గ్యాలరీ వెనక షామియానాలో పక్కపక్కనే కూర్చుని రాగిసంగటి, నాటుకోడి పులుసు తిన్నాం. మధ్యలో జనం గొల్లున నవ్వడం, కాసేపటికి చప్పట్లు వినబడ్డాయి. ఆటగాళ్లెవరో వేషాలు వేస్తున్నారనుకున్నాం.

చేతులు కడుక్కుని వచ్చేసరికి, పులివెందుల నుంచి మ్యాచ్ చూడ్డానికి వచ్చిన ఒకాయన నా భుజం తట్టాడు.

"శానా బాగా చెప్పినావు మామా! ఆ గడ్డిబండి కత ఇని కడుపు నొచ్చేదాకా నవ్వినాం."

"ఏ గడ్డిబండి?" అన్నాను.

నేను ఆటపట్టిస్తున్నాననుకుని, నేను మైకులో చెప్పానన్న కథే నాకు చెప్పాడు. గ్రౌండుకు గోడా, బౌండరీ గీతా లేని కాలం. ఖాజీపేట ఓబుళరెడ్డి సెంచరీకి దగ్గర్లో ఉండి బంతిని గాల్లోకి లేపితే, రోడ్డు మీద పోతున్న వరిగడ్డి బండిలో పడిందట. బండివాడికి తెలియదు. ఫీల్డర్లంతా బండి వెనక పరుగు. బంతి పోయిందని 'లాస్ట్ బాల్' అని అరిచి ఆట ఆపాలని ఎవరికీ తోచలేదట. వాళ్లు గడ్డి దులిపి బంతి వెతుకుతుంటే, ఈయన పరుగులు తీస్తూనే ఉండి సెంచరీ పూర్తి చేశాడట. ఇదే ఇక్కడి మొదటి సెంచరీ అని, ఆ మనిషి ఇప్పుడు గ్యాలరీలోనే ఉన్నాడని మైకులో నేనే చెప్పానట.

నేను మస్తాన్ వైపు చూశాను. అతను పరుగున వెళ్లి యాంప్లిఫయరు చూశాడు. ప్లగ్గు చుట్టిన చోటే ఉంది. కరెంటు ఇంకా రాలేదు.

ఇంతలో ఒక ముసలాయన మనవరాలి చేయి పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. ఆయనే ఓబుళరెడ్డి. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సూసినోళ్లంతా పోయినారప్పా. ఇంట్లో చెప్తే నవ్వుతారు. నీకెవురు చెప్పినారు?"

"నేను కాదు పెద్దాయనా. నేను అన్నం తింటా ఉన్నా."

"నీ గొంతు నాకు తెలీదా?" అని నవ్వాడు. కళ్లలో నీళ్లు.

ఆయన మనవరాలు హారిక ఇడుపులపాయలో ఇంజనీరింగ్ చదువుతోంది. "మా జేజినాయన ఈ బండి కత పండగపండక్కీ చెప్తాడు సార్. ఒక్కరం నమ్మలా. నేనైతే ఎక్కిరిచ్చేదాన్ని" అని తలదించుకుంది.

లంచ్ తర్వాత రెండు జట్లూ ఆయన్ను పిచ్ మీదికి తీసుకెళ్లాయి. పంచె ఎగగట్టి, బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. బౌలరు మెల్లగా వేశాడు. పెద్దాయన బంతిని ముద్దుగా ఒక పక్కకు నెట్టాడు. పరుగు తీయబోతే హారిక గట్టిగా అరిచింది, "బండి ల్యాదు జేజినాయనా, నిలబడు!" గ్రౌండంతా ఈల వేసింది. ఆ మాటకు అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.

సాయంత్రం ఒక కుర్రాడు లంచ్ సమయంలో తీసిన ఫోన్ వీడియో పంపాడు. ఆత్రంగా చూశాను. అందులో నా గొంతు లేదు. ఎవరి గొంతూ లేదు. గాలి చప్పుడే. కానీ జనం చెవులు రిక్కించి వింటున్నారు. ఉన్నట్టుండి అందరూ ఒకేసారి నవ్వారు. కొంతసేపటికి అందరి తలలూ ఒకేసారి ఓబుళరెడ్డి కూర్చున్న వైపు తిరిగాయి. ఆయన మెల్లగా లేచి చేయి పైకెత్తాడు. చప్పట్లు.

ఎండదెబ్బ అన్నారు కొందరు. అంతమందికీ ఒకే కథ వినిపించే ఎండదెబ్బ ఉంటుందా? మస్తాన్ ఇప్పటికీ ఆ యాంప్లిఫయరును ఒంటరిగా ముట్టుకోడు. నాకు మాత్రం భయం లేదు. ఆ మాట్లాడింది ఎవరో, నా గొంతే ఎందుకో తెలియదు, అంతే. ఒక్కటే బాధ. నా జన్మలో ఇంత మంచి కామెంట్రీ చెప్పలేదని అందరూ అంటున్నారు. దాన్ని విననివాళ్లం ఆ గ్రౌండు మొత్తంలో నేనూ మస్తానూ ఇద్దరమే.