వేంగి రాజ్యంలో కాలువలు పూడ్చిన వేసవి

మొన్న శ్రావణంలో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని ఫోన్లో వార్త రాగానే, ఇంట్లో అందరూ లంకల్లో ఉన్న చుట్టాలకు ఫోన్లు కలుపుతుంటే, నేను మాత్రం ఏటిని ఆనుకున్న ప్రతి గడికీ వచ్చే వంతులో ధాన్యం పెరుగుతుందని మనసులో లెక్క వేసుకుని, వెంటనే నాలిక కరుచుకున్నాను. ఊళ్లు మునుగుతుంటే ధాన్యం లెక్కలేమిటని మీరు తిట్టుకోకండి. అది దాదాపు ఇరవై ఏళ్ల కిందట పట్టుకున్న అలవాటు, వరద వార్త వింటే ఇప్పటికీ వదలదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంట్లో కంప్యూటరుంటే దానికి కుట్టుమిషను కవరులాంటి ముసుగు కుట్టించి, వాడనప్పుడు కప్పి ఉంచే రోజులవి. నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే ఉద్యోగంలో చేరి, అక్కా బావగార్ల ఇంట్లో ఉండేదాన్ని. బావగారు నీటిపారుదల శాఖలో గుమాస్తా. మా ఇద్దరికీ కుదిరిన పిచ్చి ఒకటుంది. ప్రపంచపటమంతా గడులుగా పరుచుకుని ఉంటే, ఏదో ఒక జాతిని ఎంచుకుని, ఊళ్లు కట్టి, పంటలు పండించి, పొరుగురాజులతో సంధో యుద్ధమో చేసుకుంటూ వేల ఏళ్లు పాలించే ఒక కంప్యూటర్ ఆట. అందులో రోమనులున్నారు, చీనావాళ్లున్నారు, ఈజిప్టువాళ్లున్నారు. ఇంత పెద్ద మన దేశానికీ కలిపి ఒకే ఒక్క రాజుని ఇచ్చి సరిపెట్టారు. ఆట తయారుచేసినవాళ్లు ఇవ్వని రాజ్యాన్ని మనమే తయారుచేసి అందులో అతికించుకోవచ్చని, దాన్ని మాడ్ అంటారని తెలిసిన రోజు, బావగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "అయితే వేంగి చాళుక్యుల్ని పెట్టేద్దామమ్మా" అన్నారు, ఎదురింటివాళ్లను పేరంటానికి పిలుద్దామన్నంత తేలిగ్గా.

అప్పట్లో దేశంలో నలుమూలలా ఉన్న మాలాంటి పిచ్చివాళ్లు ఇంటర్నెట్టులో ఒక బృందంగా చేరి, మన దేశపు పాత రాజ్యాలన్నింటినీ కలిపి ఒక పెద్ద పటం తయారుచేస్తున్నారు. దానికి పెద్ద తంజావూరు వైపు ఆయన, చోళులంటే ప్రాణం పెట్టే మనిషి. వేంగి అనగానే ఆయన, అది చోళులూ పడమటి చాళుక్యులూ కొట్టుకున్న నేల మాత్రమేనని, దానికి వేరే రాజ్యమెందుకని, పటంలో ఒక చిన్న ఊరుగా పెడితే ఎవరికి కావాలంటే వాళ్లు గెలుచుకుంటారని మర్యాదగానే రాశారు. ఆ మర్యాదే నాకు ఒళ్లు మండించింది. మా నేల ఎవడో వచ్చి పట్టుకుపోయే చుక్క ఎలా అవుతుంది? వానలు మొదలయ్యేలోపు పటం ముగించాలన్నారు, ఆలోపు వేంగిని రాజ్యంగా నిలబెట్టి తీరాలని పంతం పట్టాను.

రాజ్యం అంటే మాటలా? దానికో జెండా, ఊళ్ల పేర్లు, ఇంకెవరికీ లేని సైన్యం, ఇంకెవరికీ లేని కట్టడం ఉండాలి. జెండా మీద చాళుక్యుల గుర్తైన వరాహం గీసే పని బావగారు తీసుకుని, ఆదివారం చర్చిలో ప్రసంగం నడుస్తుండగా ఆరాధన క్రమం కాగితం వెనక వరాహాలు గీస్తూ కూర్చునేవారు. అక్క మోచేత్తో పొడుస్తూనే ఉండేది. మొదట గీసినవన్నీ మా వీధిలో తిరిగే పందుల్లాగే వచ్చాయని నేనంటే, "రాజుగారి పందమ్మా, కొంచెం గౌరవంగా చూడు" అనేవారు. ఊళ్ల పేర్లు నా వంతు. వేంగి తరవాత రాజమహేంద్రవరం, పిఠాపురం, పాలకొల్లు, ద్రాక్షారామం, ఇలా రాసుకుంటూ పోయి, అన్నిటికన్నా చివర అమ్మమ్మ వాళ్ల గువ్వలంక పెట్టాను. ఆటలో ఊరు కట్టినప్పుడల్లా ఆ వరసలో తరవాతి పేరు వచ్చి పడుతుంది. రాజ్యం బాగా విస్తరిస్తే తప్ప గువ్వలంక దాకా రాదు. అయినా ఉండనీ అనుకున్నాను.

కట్టడం విషయంలో మాత్రం మేం ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. కాలువ! ఏటి పక్క ఊరు కట్టి కాలువ తవ్వితే చుట్టూ ఉన్న గడులన్నీ వరిచేలైపోయి ధాన్యం రెట్టింపవుతుంది. "కాలువలేని గోదావరి జిల్లా ఏంటమ్మా, ఉప్పులేని పప్పులాగా" అన్నారు బావగారు. ఆడి చూస్తే మా వేంగి ముందు చోళులు నిలబడలేకపోయారు. నమూనా పంపితే తంజావూరాయన సైతం బాగుందన్నారు, దాదాపుగా ఒప్పేసుకున్నారు. అక్క పాలతాలికలు చేసింది.

ఆ తరవాత వారమో పది రోజులో, గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు దొరగారి పుట్టినరోజు వచ్చింది. ఏటా బావగారి ఆఫీసువాళ్లు ధవళేశ్వరం వెళ్లి ఆయన విగ్రహానికి దండ వేస్తారు. మమ్మల్ని కూడా తీసుకెళ్లారు. మండుటెండలో షామియానా కింద ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, ఈ మహానుభావుడు రాకముందు ఈ నేలకు ఆనకట్ట లేదు, కాలువలు లేవు, అయితే వరద, కాకుంటే కరువు అని, మేమందరం బళ్లో చదువుకున్న మాటే, ఏటా వినే మాటే చెబుతున్నాడు. నేను బావగారి వైపు చూశాను. ఆయన చేతిలో బంతిపూల దండ అలాగే ఉండిపోయింది. చాళుక్యులు పోయిన ఎన్నో వందల ఏళ్లకు దొర తవ్వించిన కాలువల్ని తీసుకెళ్లి మేం చాళుక్యుల చేత తవ్వించేశాం! ఏటేటా ఆ దొరకు దండ వేసే మనిషికీ, ఆ కాలువ నీళ్లతో పెరిగిన నాకూ ఈ సంగతి తట్టనే లేదంటే, కాలువ లేని డెల్టాను ఊహించడం మాకు అంత చేతకాని పనన్నమాట. ఇంకే జిల్లావాళ్లూ ఇలాంటి తప్పు చెయ్యరు.

బస్సులో తిరిగి వస్తూ బావగారు, "ఎవరికి తెలుస్తుందమ్మా, తంజావూరాయనకే తెలియలేదు. ఊరుకుందాం" అన్నారు. నిజమే, ఊరుకుంటే మా రాజ్యం పటంలోకి ఎక్కేస్తుంది. కాని అబద్ధపు నీళ్లతో బతికే రాజ్యం కన్నా పటంలో చుక్కగా ఉండడమే నయమనిపించింది. మర్నాడే బృందానికి, మా కాలువలు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాశాను. బావగారు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. తంజావూరాయన, గడువు మాత్రం మారదని జవాబిచ్చారు.

కాలువలు తీసేసిన వేంగి ఎండిపోయింది. ఎన్నిసార్లు ఆడినా చోళులు వచ్చి ఊళ్లు వరసగా పట్టుకుపోయేవారు. కరెంటు కోతల మధ్య, విసనకర్రతో విసురుకుంటూ, ఒక్కొక్క ఓటమీ చూస్తూ కూర్చునేదాన్ని. దొర రాకముందు ఈ నేలమీద మనుషులు ఏం తిని బతికారు, అసలు ఇక్కడ ఎందుకున్నారు అన్న ప్రశ్న బుర్ర తొలిచేసేది. కాలేజీ లైబ్రరీలో నాకు దొరికిన పుస్తకాల్లో రాజులు చంపుకున్న వివరాలే తప్ప అన్నం సంగతి లేదు.

జవాబు నా చిన్నతనంలోనే ఉంది. గువ్వలంక చుట్టూ గోదావరే. అక్కడికి కాలువ ఎప్పుడూ రాలేదు. వరద వస్తోందని కబురందితే అమ్మమ్మ గిన్నెలు అటక ఎక్కించి, పశువుల్ని పడవ దాటించి, అందరితో పాటు ఏటిగట్టు మీద పాక వేసుకునేది. ఏడుపూ గోలా ఉండేవి కావు. పిల్లలకైతే పండగే. నీళ్లు తీశాక లంకంతా మెత్తటి ఒండ్రు పరుచుకుని ఉండేది. అమ్మమ్మ దాన్ని గుప్పిట్లోకి తీసుకుని, "ఈ ఏడు బాగా పెట్టిందే గోదారి తల్లి" అనేది. ఆ యేడు వేసిన అపరాలూ కూరగాయలూ కాపు ఆగేవి కావు. కాలువలకు ముందు కూడా గోదావరి ఇదే కదా చేసింది!

అంతే, కాలువ తీసేసిన చోట ఏటిగట్టు అనే కట్టడం పెట్టాను. వరద వచ్చినప్పుడు అందరి ఊళ్లూ దెబ్బ తింటాయి, ఏటిగట్టు ఉన్న ఊళ్లో జనం మాత్రం తగ్గరు, తరవాతి వంతుల్లో ఆ గడులు ధాన్యం ఎక్కువ ఇస్తాయి. ఆ సమయంలో ఏటి ఒడ్డున దండు విడిసిన శత్రువు సగం నష్టపోతాడు. చెప్పడం తేలిక, చేయించడం కష్టం. ఫైల్లో ఒక్క బ్రాకెట్ మూయడం మరిచిపోతే ఆట అసలు తెరుచుకునేదే కాదు. వరద రావలసిన చోట రాకుండా ఒకసారి ఎడారిలో వచ్చింది. కాలేజీ వదిలాక నేరుగా వచ్చి కూర్చోవడం, అన్నం పళ్లెం కీబోర్డు పక్కనే పెట్టుకోవడం, అక్క చీవాట్లు, ఇవే ఆ నెలంతా. మధ్యలో బావగారి ముభావం కరిగి, ఏటిగట్టు మీద పాకలూ, పశువులూ, గిన్నెలు ఎండబెట్టిన ఆడవాళ్లూ ఉన్న బొమ్మ గీసి తెచ్చారు. ఆ వరాహాలు గీసిన చెయ్యేనా అనిపించేంత బాగుంది.

గడువు ఇంకా ఉండగానే పంపాం. తంజావూరాయన చోళుల వైపు నుంచి ఆడి చూశారట. వేంగిని ముట్టడించడానికి ఏటి ఒడ్డున దండు దింపగానే వరద వచ్చి, తన సైన్యం నీళ్లలో నానుతుంటే కోట లోపలి జనం హాయిగా పెరిగిపోయారట. ఆయన జవాబు పొడవైనది కాదు. "ఒప్పుకుంటున్నాను. అది రాజ్యమే" అంతే రాశారు. నాకు కన్నీళ్లాగలేదు. బావగారు ఆ మాటను కాగితం మీద ప్రింటు తీసి ఆఫీసులో అందరికీ చూపించారు, వాళ్లకేం అర్థమైందో తెలియదు గానీ.

ఆ బృందం ఎప్పుడో చెదిరిపోయింది. ఆట కొత్త రూపాల్లో వచ్చింది, మా వేంగి ఇప్పటి కంప్యూటర్లలో తెరుచుకోదు. బావగారు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఎవరికి ఏ రాజ్యం కావాలన్నా తయారుగా దొరుకుతోంది, మంచిదే. ఒక రాజ్యం అన్నం ఎలా తినేదో తెలుసుకోవడానికి ఒక వేసవంతా ఖర్చుపెట్టే తీరిక మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు.

కొన్నాళ్ల కిందట, పాత కంప్యూటరును భద్రంగా దాచుకున్న మనిషెవరో, మా మాడ్ ఫైల్లో ఎప్పుడో పెట్టిన నా మెయిలు చిరునామాకు రాశాడు. వేంగిని చివరిదాకా ఆడి, ఆఖరి ఊరు కట్టాడట, పేరు గువ్వలంక అని వచ్చిందట. మిగతా ఊళ్లన్నీ ఇప్పటి దేశపటంలో దొరికాయి గానీ ఇది ఎంత వెతికినా దొరకలేదు, ఎక్కడుందండీ అని అడిగాడు. ఎక్కడుందని చెప్పను? అమ్మమ్మ పోయాక ఏడాదికి కొంత చొప్పున కోసుకుంటూ గోదావరి ఆ లంకను మొత్తం తీసుకెళ్లిపోయింది. ఇప్పుడక్కడ నీళ్లే. మీరు కట్టినచోటే ఉందండీ, వరదకు భయపడకండి అని రాశాను.