మా జేజి ఎక్కిన మోటారు సైకిలు

ఆ రోజుల్లో కోయిలకుంట్ల వీధుల్లో మోటారు సైకిలు వస్తుంటే జనం పక్కకు తప్పుకునేవాళ్ళు. నన్ను చూసి మర్యాద ఇస్తున్నారని చాలాకాలం పొంగిపోయాను. దుమ్ముకు జడిసి తప్పుకుంటున్నారని ఎవరూ చెప్పలేదు. కర్నూలు రాజధానిగా ఉండిన ఆ కొద్ది ఏళ్ళలో నాకు మా ఊళ్ళోనే గుమాస్తా ఉద్యోగం దొరికింది. దొరకగానే మిలిటరీవాళ్ళు వదిలించుకున్న పాత బండి ఒకటి కర్నూలులో ఒక సాయిబు దగ్గర కొని, లారీలో వేయించి తెచ్చుకున్నాను. దానికి తోడు నల్ల కళ్ళద్దాలు, మోకాళ్ళ దాకా బూట్లు, తోలు కోటు కూడా సంపాదించాను. (మా ఎండల్లో తోలు కోటు వేసుకున్నవాడికి వేరే శిక్ష అక్కరలేదు.) అయితే నేను బండి మీద గడిపిన కాలం కంటే దాని పక్కన గొంతుక్కూర్చుని గడిపిన కాలమే ఎక్కువ. ప్లగ్గు తుడవాలి, గొలుసు బిగించాలి, కాలు వాచేదాకా తన్నాలి, అన్నీ అయ్యాక పెట్రోలు లేదని తెలుసుకోవాలి. సాయిబు అమ్మేటప్పుడే చెప్పాడు: "తోలేది ఎవురైనా తోల్తారప్పా. అది నిలబడిపోయిన కాడ ఇడ్సిపెట్టి పోకుండా ఉండేటోడే బండోడు." నన్ను మెచ్చుకుంటున్నాడనుకుని తల ఊపాను.

మా నాన్నను కన్న మా జేజికి ఒక తమ్ముడు ఉండేవాడు. రెండు ఆమడల దూరంలో వాళ్ళ ఊరు. ఎవరిదో పెండ్లిలో వడ్డన దగ్గర ఏదో మాట పడి ఇద్దరికీ ఏండ్ల తరబడి మాటలు లేవు. ఆ వానాకాలం ఒక ఉదయం ఆ ఊరి మనిషి వచ్చి, నాకు తాత వరసయ్యే ఆ తమ్ముడికి బాగా లేదని, అన్నం తినడం మానేశాడని చెప్పాడు. జేజి కళ్ళు తుడుచుకోలేదు. గుర్రబ్బండిలో వచ్చిన ఆ మనిషిని ముందుగా పంపించేస్తూ, మనవడి మోటారు సైకిలెక్కి వస్తాండానని తమ్ముడికి చెప్పమంది. నేను బండి తోలింది సంతకూ ఆఫీసుకూ మధ్యనే. బస్సులో పోదామని బతిమాలాను. బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలీదని ఆమె జవాబు. గోచి పోసి చీర బిగించుకుని, వెనక మడిచి కట్టిన గోనెసంచి మీద మగవాడిలా అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంది. ఊరు దాటేదాకా నేను తల ఎత్తలేదు. ఆమె దించలేదు.

రోడ్డు మీద ఉన్నంతసేపు బాగానే పోయాం. చేలదారిలోకి తిరిగాక నల్లరేగడి తన సంగతి చూపించింది. ముందురోజు కురిసిన వానకు నానిన బంకమట్టి చక్రానికీ పైరేకుకూ మధ్య కూరుకుపోయి బండి ఎక్కడిదక్కడ బిగుసుకుంది. నేను కోటు విప్పి, బూట్లు విప్పి, కడకు కళ్ళద్దాలూ తీసేశాను. కట్టెపుల్లతో మట్టి గీకడం, నాలుగు బారలు తోయడం, మళ్ళీ గీకడం. జేజి కూడా చెయ్యి పెట్టి ముద్దలు ముద్దలుగా లాగేసింది. అంతలో ఒక రైతు ఎద్దులబండి తోలుకుంటూ వచ్చాడు. మోటారు సైకిలును చేలో పడేసి ఇద్దరినీ తన బండి ఎక్కమన్నాడు. నా కాళ్ళు అప్పటికే సగం ఎక్కేశాయి. జేజి కదల్లేదు.

"నేను మోటారు సైకిల్లో వస్తాండానని నా తమ్మునికి చెప్పి పంపినా. వాడు చూస్తా ఉంటాడు. నువ్వు కావల్లంటే పోరా."

నేను దిగాను. రైతు నా వైపు జాలిగా చూసి ఎద్దులను అదిలించాడు.

ఊరి మొదట్లోకి వచ్చేసరికి నా ఒంట్లో శక్తి లేదు, బండిలో ప్రాణం లేదు. ఎన్ని తన్నులు తన్నినా దగ్గలేదు కూడా. జేజి కొంగుతో మొహం తుడుచుకుని, చీర సర్దుకుని, తాపీగా వెనక ఎక్కి కూర్చుంది. ఇక తోయమంది. అలా, చప్పుడు చెయ్యని మోటారు సైకిలు మీద మా జేజి, దాని కొమ్ములు పట్టుకుని రొప్పుతూ నేను, ఊళ్ళోకి ప్రవేశించాం. తాత పొద్దుటినుంచి మంచం అరుగు మీద వేయించుకుని కూర్చున్నాడట. మనిషి పుల్లలా ఉన్నాడు. మమ్మల్ని కిందికీ మీదికీ చూశాడు. అన్ని ఏండ్ల తర్వాత ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట ఇది:

"ఏమక్కా, దీనికి శబ్దం రాదా?"

"నీకు ఒళ్ళు బాగలేదు గదా. తల నొస్తాదని ఆపిచ్చినా," అంది జేజి.

తాత నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. జేజి దిగి పోయి మట్టి చేత్తోనే వీపు నిమిరింది. చాలాసేపు నిమిరింది. ఇంట్లోవాళ్ళు తెచ్చిన రాగి సంగటి ఆమే చిన్న చిన్న ముద్దలు చేసి పెడితే ఆ పూట తిన్నాడు. నేను ఎప్పుడు నిద్రపోయానో తెలియదు, అరుగు కింద బండికి ఆనుకునే పడుకున్నానట. (చూసినవాళ్ళు మంచి జతే అన్నారట.)

తాత ఆ చలికాలం దాటలేదు. జేజి మాత్రం ఆ ప్రయాణం సంగతి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది, అందులో బండి ఎప్పుడూ ఆగేది కాదు. నేను కాదనలేదు. పెండ్లయ్యాక బండి అమ్మేశాను, కోటు ఎవరికో ఇచ్చేశాను. ఇప్పుడు నాకు బస్సే గతి. మోకాళ్ళు మెట్లెక్కడానికే మొరాయిస్తున్నాయి. కానీ కిటికీ పక్కన కూర్చుని నంద్యాల వైపు పోతున్నప్పుడు రోడ్డు ఎత్తెక్కితే, ఇంజను ఈడ్వలేక మూలుగుతుంటే, ఒళ్ళో ఉన్న నా కుడిచెయ్యి మోటారు సైకిలు పిడి పట్టుకున్నట్టు దానంతటదే మెలి తిరుగుతుంది. పక్కనున్నవాళ్ళు వాతమనుకుని ఏ నూనె రాయాలో చెబుతారు. బుద్ధిగా వింటాను.