మాటల సొంతూళ్లు అడిగే సారు

ప్రొద్దుటూరు కాలేజీలో మా ఇంగ్లీషు సారు ఏ మాట కనబడినా, కొత్త కోడలిని అడిగినట్టు "దీని సొంతూరు యాడ?" అని అడిగేవారు. అది ఏ శతాబ్దంలో ఏ అర్థంతో బతికిందో బోర్డు నిండా రాసేవారు.

"పరీక్షలో ఇప్పటి అర్థమే అడుగుతారు సార్, పాతది మాకెందుకు?" అని నేను తగువుకు దిగేదాన్ని.

"నువ్వు అడ్డం రాకుంటే నాకు పాఠం సాగదు పాపా" అనేవారు.

పోయినేడు ఆయన భార్య చనిపోయిందని తెలిసి జమ్మలమడుగులో వాళ్లింటికి వెళ్లాను. చావింట్లో పొయ్యి వెలిగించరు గనుక పక్కింటివాళ్లు అన్నం తెచ్చారు. ఆయన అక్క కంచం పట్టుకుని బతిమాలుతోంది.

"రెండు ముద్దలు తినప్పా. మొన్నట్నుంచి నీళ్లే తాగుతాండావు."

సారు నావైపు తిరిగారు. "సాడ్ అనే మాటకు మొదట కడుపు నిండిందని అర్థం. నిండినోడు కదల్లేడు కదా, అట్ల బరువనే అర్థమొచ్చింది. బరువు నుంచి గంభీరం. శానా ఏండ్లకు దుఃఖం. నాకు ఆ మొదటి అర్థమే సరిపోతాంది పాపా."

అని ఆగారు, క్లాసులో నా అభ్యంతరం కోసం ఆగినట్టే.

"ఏందమ్మా అంటాండేది? తింటాడంటనా?" అని అక్క నన్నడిగింది.

ఊరందరితో వాదించే నాకు ఆ పూటే మర్యాద గుర్తొచ్చింది. "కడుపు నిండిందంటాండారు" అన్నాను.

ఆమె కంచం తీసుకుని లేచింది. సారు కళ్లు దాని వెంట గడప దాకా వెళ్లి, తిరిగి నా మీద ఆగాయి. ఇప్పటికీ నేను అన్నం కలుపుకునేటప్పుడు ఆ కళ్లు నా మీదే ఆగి ఉంటాయి.