లాస్ క్రూసెస్‌లో ఒక ప్లేటు ఎర్ర కారం

నాకు వంట చేయని రోజు ఒకటి కావాలనిపించింది. ఎనభైల మొదట్లో, మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు చేసిన ఈ ప్రయాణానికి అసలు కారణం అంతే. ఆ ఏడాది మా ఆయన శామ్యూల్‌కి పచ్చకామెర్లు వచ్చాయి. ఎండాకాలానికల్లా పూర్తిగా తగ్గిపోయాయి, ఇక ఏదైనా తినొచ్చని డాక్టర్ చెప్పేశాడు కూడా. ఈయన వింటేగా! తెనాలిలో మా బావగారు, అంటే ఈయన అన్నయ్య, కామెర్లు తగ్గాక పత్యం విడిచిన వారానికే పోయారు. ఆ భయం ఈయన్ని పట్టుకుంది. పూటపూటా ఉప్పూ కారం లేని జావ, ఉడకేసిన జుకినీ అనే ఇక్కడి చప్పటి కూరగాయ, నీళ్ల మజ్జిగన్నం. ఆవకాయ లేనిదే కంచం ముందు కూర్చోని మనిషి, బెల్టుకి కొత్త చిల్లులు పొడుచుకునేదాకా వచ్చారు. జబ్బు వదిలిపెట్టినా ఈ భయం మనిషిని మిగల్చదేమోనని నాకు ఒకటే బెంగ.

చర్చిలో తెలిసినాయన తమ్ముడు న్యూ మెక్సికోలోని లాస్ క్రూసెస్‌లో చదివాడట. "వేసవిలో స్టూడెంట్స్ ఉండరమ్మా, ఊరంతా మనదే, మోటెల్ కూడా చీప్" అన్నాడా చర్చి ఆయన. శుక్రవారం తెల్లారకముందే బయల్దేరాం. ఈయనకి ఓపిక లేదు కాబట్టి డ్రైవింగంతా నాదే. ఇంటర్‌స్టేట్ ఇరవై హైవే మీద పడమటికి, తర్వాత పది మీద ఎల్ పాసో, అక్కడి నుంచి ఉత్తరంగా ముప్పావుగంట. అప్పట్లో గంటకి యాభై అయిదు మైళ్లు దాటితే టికెట్టే, అందుకని రోజంతా పట్టింది. అక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది కదా, కలిసొస్తుందనుకున్నాను. నా నడుముకి మాత్రం ఏమీ కలిసిరాలేదు. మోటెల్‌కి పాతిక డాలర్లలోపే అయింది.

పొద్దున్నే యూనివర్సిటీకి వెళ్లాం. తూర్పున రంపం పళ్లలా కొండలు, ఖాళీ క్లాసురూములు, బాతుల చెరువు. చూడదగ్గ చోటే, కానీ తొమ్మిదికల్లా చూడటం ముగించాలి. "తెనాలి వాళ్లకి ఎండ కొత్తా?" అన్నారు ఈయన. మా ఊళ్లో చెమట పట్టి ఎండ సంగతి చెబుతుంది. ఇక్కడ చెమట కనబడకుండానే ఆరిపోతుంది, తల తిరిగేదాకా తెలియదు. పచ్చికకి నీళ్లు పెడుతున్న పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఈ నెలలో ఇక్కడికి ఎవరూ కావాలని రారు" అన్నాడు.

కారు దగ్గరికొచ్చి, ఇంటి నుంచి ఐసులో పెట్టి తెచ్చిన ఈయన డబ్బా తీస్తే గుప్పుమంది. ఐసు ఎప్పుడో కరిగిపోయింది, మజ్జిగన్నం పులిసిపోయింది.

"మళ్లీ చేయగలవా సరళా?" అన్నారు.

"ఎక్కడ చేయమంటారు, నడిరోడ్డు మీదా?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

పది నిమిషాల దూరంలో మెసియా అనే పాత ఊరుంది. మట్టి గోడల ఇళ్లు, మధ్యలో చిన్న చౌకు, చర్చి, గుమ్మం గుమ్మానికీ ఎండు మిరపకాయల దండలు. చల్లగా ఉందని ఒక హోటల్లోకి దూరాం. నాలుగు డాలర్లకి ఎన్చిలాడాలు, అంటే కారం పులుసులో ముంచిన మొక్కజొన్న రొట్టెలు. వడ్డించే పెద్దావిడ "రెడ్ ఆర్ గ్రీన్?" అంది. ఏ మిరపకాయ కావాలని అడగడం. రెడ్ అన్నాను. ఈయన ఉప్పూ నూనే లేని తెల్లన్నం అడిగారు.

"పాపం, జబ్బా?" అంది ఆవిడ.

"జబ్బు తగ్గింది. భయమే తగ్గలేదు" అన్నాను.

ప్రార్థన చేసుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాను. చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి, కళ్లు కారిపోయాయి. కారానికా, అలసటకా అంటే చెప్పలేను.

"అంత కారమా?" అన్నారు ఈయన.

"చాలా రోజులైందిగా, నాలుక మర్చిపోయింది."

"చాలా రోజులేంటి? రోజూ తింటూనే ఉన్నావుగా?"

"మీ ఎదురుగా కూర్చుని ఆవకాయ ఎలా కలుపుకుంటానండీ? మీకు పెట్టిందే నేనూ తింటున్నా."

ఈయన చెంచా కింద పెట్టేశారు. "ఇన్ని నెలలూనా?"

"పక్కనే ఉన్నాగా, చూడలేదా?"

చూడలేదు. ఇన్నాళ్లూ తన కంచం తప్ప ఇంకేదీ చూడలేదని ఆ మొహమే చెప్పింది. కాసేపటికి నా ప్లేటు తనవైపు లాక్కుని, మళ్లీ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పులుసు చల్లారిపోతోంది, ఆమెన్ మాత్రం రాదు. చివరికి రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు.

మధ్యాహ్నమంతా కారు అద్దంలో కళ్లు పచ్చబడ్డాయేమోనని చూసుకుంటూనే ఉన్నారు. నాకూ లోపల భయమే, పైకి చెప్పలేదు. సాయంత్రం ఊరికి దక్షిణంగా ఇరవై ఎనిమిదో నెంబరు రోడ్డు మీద పెకాన్ అనే గింజల తోటల్లోకి తీసుకెళ్లాను. రెండువైపులా చెట్లు, కింద కాలవ నీళ్ల చల్లదనం. అక్కడ కారు ఆపి సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాను. పక్కనుంచి "సరళా, ఆకలేస్తోంది" అని వినబడింది. లేచి స్టీరింగ్ పట్టుకున్నాను.

ఆ ఊళ్లో మేం చూసింది తక్కువే. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ ముందు నడుమే నొప్పెడుతుంది. అయినా నేను చేసిన ప్రయాణాల్లో మంచి రోజేదంటే అదే చెబుతాను. వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: మెసియాలో ఇద్దరూ రెండు ప్లేట్లు చెప్పుకోండి. నేను ఒక్కటే చెప్పాను, నాకు సగం కూడా మిగల్లేదు.