ఇత్తడి ఫలకం మీద చివరి పేరు

అబుధాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లోని మా ఫ్యాక్టరీలో గోడకెక్కే ప్రతి బోర్డునూ పరీక్షించి సంతకం చేయవలసినవాణ్ని నేను. కొవిడ్ తగ్గాక ఒక ఇత్తడి ఫలకం నా బల్ల మీదికి వచ్చింది. చనిపోయిన మా కార్మికుల పేర్లు; వాటి పైన "సంస్థ కోసం ప్రాణాలర్పించిన వీరులు". లోహంలో లోపం లేదు. వాక్యం దగ్గర ఆగిపోయాను.

చివరి పేరు పెయింట్ సెక్షన్‌లో పనిచేసిన జగిత్యాల మనిషిది. జ్వరం రాగానే లేబర్ క్యాంపులో వేరే గది కావాలని అర్జీ పెట్టుకున్నాడు. ఇవ్వలేదు. ఆయన భార్యకు ఫోన్ చేశాను.

"పానం ఆయన ఇయ్యలే సారూ. రూము అడిగితె మీవోళ్లే ఇయ్యలే. ఆ పేరు తీసెయ్యమనుండ్రి."

ఆ మాట మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు, చెబితే నవ్వాడు. "సైంటిస్ట్ సాబ్, చెక్కిన పేరు ఎలా తీస్తాం? అందరూ ఒకే కుటుంబం. ఖలాస్!"

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఈ మాట విని మా జపాన్ ఇంజనీరు చెంచా కింద పెట్టారు. యుద్ధమృతులను దేవతలుగా కొలిచే షింటో ఆలయం ఒకటి టోక్యోలో ఉందట. ఆయన తాతగారు యుద్ధంలో ఏదో ద్వీపంలో తిండి లేక చనిపోతే, ఇంట్లో ఎవరినీ అడగకుండా ఆ దేవతల్లో ఆయన పేరూ చేర్చారట. పేరు తీయమని తండ్రి ఉత్తరం రాస్తే, చేరిన ఆత్మలన్నీ ఒక్కటైపోయాయనీ, ఒకదాన్ని విడదీయడం అసాధ్యమనీ జవాబు వచ్చిందట.

"పేర్లు ఎక్కడ రాస్తారు?" అన్నాను.

"చిట్టాలో. ఒక్కొక్కటిగా."

"అలాంటప్పుడు విడదీయలేనిదేమిటి?"

"మా నాన్నా అదే అడిగారు. మళ్లీ జవాబు రాలేదు. నేను వెళ్తుంటాను. గేటు బయటే నిలబడి వచ్చేస్తాను."

ఆత్మల సంగతి నేను తేల్చలేను. కొలిచే సాధనం లేదు. ఇత్తడి సంగతి తేల్చగలను. అక్షరాలు చెక్కిన పాత ఇత్తడి ముక్క ఒకటి తీసుకుని, వర్క్‌షాప్‌లో వాటిని అరగదీయించి, నున్నగా ముదీర్ ముందు పెట్టాను.

"ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా? పెట్టెయ్ భాయ్!"

ఫారంలో రాశాను: "లోహం సరైనది. వాక్యానికి ఆధారం లేదు. చివరి పేరుకు కుటుంబ సమ్మతి లేదు. తిరస్కరించడమైనది."

నన్ను ఫుజైరాలోని రాళ్ల క్వారీకి బదిలీ చేసి పంపిస్తానన్నాడు ముదీర్. పంపమన్నాను. పంపాడు.

అక్కణ్నుంచి జగిత్యాల ఆయన భార్యకు ఫోన్ చేసి, ఫలకం ఇంకా స్టోర్‌లోనే ఉందని చెప్పాను.

"రేపు ఇంకెవలన్న సంతకం పెడితె?"

"ఏ ఆధారంతో పెట్టారో రాసిమ్మని అడుగుతానమ్మా. ఇచ్చేదాకా అడుగుతాను."